మంచు మీద మారిన కొలతలు: పురుషుల ఫిగర్ స్కేటింగ్ చరిత్ర

పరుగుపందెంలో విజేత ఎవరో గడియారం చెబుతుంది, ఎత్తు దూకే పోటీలో అడ్డకర్ర చెబుతుంది. ఫిగర్ స్కేటింగ్‌లో మాత్రం ఆ మాట న్యాయనిర్ణేతలే చెప్పాలి. గడ్డకట్టిన మంచు మీద సన్నని ఉక్కు బ్లేడుతో వంపు గీతలు గీయడం, గాలిలోకి ఎగిరి చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగడం, నిలిచిన చోటనే గిరగిర తిరగడం, ఇవన్నీ సంగీతపు నడకకు లోబడి సాగడం ఈ క్రీడలోని అంగాలు కాగా, వీటిలో దేనికెంత విలువ కట్టాలన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో అభిమానులు నేటికీ తలచుకొనే పేర్లను వరుసగా రాస్తే ఆ వరుస పతకాల పట్టికతో పూర్తిగా సరిపోలదు. అనేక ప్రపంచ బిరుదులు గెలిచినవాడి కంటె ఒక్కటే గెలిచినవాడు ఎక్కువ ఆదరణ పొందిన సందర్భాలున్నాయి. దీనికి కారణం వ్యక్తుల ఆకర్షణ ఒక్కటే కాదు. తన కాలపు నియమావళి కోరినదాన్ని లోటులేకుండా నెరవేర్చినవాడు విజేత అయ్యాడు. ఆ నియమావళి ఊహించనిదాన్ని చేసి చూపి, దాన్ని మార్చక తప్పని స్థితి కల్పించినవాడు తరతరాల అభిమానానికి పాత్రుడయ్యాడు. ఈ క్రీడలోని ప్రముఖుల చరిత్రను కొలతల చరిత్రతో కలిపి చదివినప్పుడే ఎవరు ఎందుకు గొప్పవారన్నది తెలుస్తుంది.

హెయిన్స్‌కు ముందు, హెయిన్స్ తరువాత

ఉత్తర ఐరోపాలో మంచు మీద జారడం మొదట ప్రయాణానికి పనికివచ్చిన విద్య. నెదర్లాండ్స్‌లో శీతాకాలం రాగానే గడ్డకట్టిన కాలువలే రహదారులయ్యేవి. దాన్ని తీరిక గల పెద్దమనుషుల వ్యాసంగంగా మలచిన ఘనత బ్రిటన్‌ది. 18వ శతాబ్దంలో ఏర్పడిన ఎడిన్‌బరో స్కేటింగ్ సంఘంలో సభ్యత్వం కోరినవాడు ఒక్కో కాలి మీద పూర్తి వలయం గీసి చూపడమే కాక, మొదట ఒక టోపీ మీదుగా, ఆపై రెండు, చివరకు మూడు టోపీల మీదుగా దూకవలసి ఉండేది. స్కేటింగ్ మీద మొదటి పుస్తకంగా పేరుపొందిన గ్రంథాన్ని 1772లో రాబర్ట్ జోన్స్ అనే ఆంగ్ల సైనికాధికారి వెలువరించాడు. 19వ శతాబ్దం నాటికి స్థిరపడిన ఆంగ్ల పద్ధతిలో శరీరం నిటారుగా ఉండాలి, చేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, మంచును తాకని కాలు వంగరాదు. మంచు నడుమ ఒక నారింజపండు ఉంచి, దాన్ని కేంద్రంగా చేసుకొని కొందరు కలిసి పెద్ద పెద్ద వంపులు గీయడం ఆ పద్ధతిలో పరాకాష్ఠ. గీత శుద్ధిగా పడిందా లేదా అన్నదే అక్కడ ప్రమాణం. గీసే మనిషి భంగిమ అందంగా ఉండాలని ఎవరూ కోరలేదు, పైగా చేతులు ఊపడం మర్యాదకు లోటుగా భావించేవారు.

ఈ ప్రమాణాన్ని తలకిందులు చేసినవాడు న్యూయార్క్‌కు చెందిన జాక్సన్ హెయిన్స్. బ్యాలే నృత్యంలో శిక్షణ పొందిన ఈ అమెరికన్, నృత్యంలోని భంగిమలను, చేతుల కదలికను, సంగీతాన్ని మంచు మీదికి తీసుకువచ్చాడు. అంతకుముందు బ్లేడును తోలు పట్టీలతో కాలికి కట్టుకొనే అలవాటు ఉండగా, అతడు బ్లేడును బూటు అడుగునే గట్టిగా బిగించి వాడాడు; కాలికి, బ్లేడుకు మధ్య సడలింపు లేకపోవడంతో అంతకుముందు సాధ్యం కాని ఎగుళ్ళు, మలుపులు సాధ్యమయ్యాయి. ఒక కాలి మీద కూర్చున్న భంగిమలో రెండో కాలు ముందుకు చాచి గిరగిర తిరిగే సిట్ స్పిన్ అతని సృష్టి. సొంతగడ్డ మీద అతని శైలికి పెద్దగా మన్నన దక్కలేదు. 1860ల మధ్యలో ఐరోపాకు తరలిన తరువాత వాల్ట్జ్ సంగీతానికి నిలయమైన వియన్నా నగరం అతణ్ణి నెత్తిన పెట్టుకొన్నది. అతని ప్రభావంతో అక్కడ రూపుదిద్దుకొన్న వియన్నా సంప్రదాయం క్రమంగా అంతర్జాతీయ శైలిగా వ్యాపించి ఆంగ్ల పద్ధతిని వెనక్కి నెట్టింది. 1875లో నేటి ఫిన్లాండ్‌లోని కొక్కోలా పట్టణంలో హెయిన్స్ మరణించాడు. అతడు ఒక్క ప్రపంచ బిరుదూ గెలవలేదు, ఎందుకంటే అప్పటికి గెలవడానికి అలాంటి బిరుదే లేదు. అయినా తరువాత వచ్చిన ప్రతి విజేతా అతని వారసుడే.

సాల్కో యుగం, జంప్‌లకు వచ్చిన పేర్లు

హెయిన్స్ కాలం తరువాత ఆట వ్యవస్థాబద్ధమైంది. 1876లో లండన్‌లో జాన్ గామ్జీ యంత్రాలతో గడ్డకట్టించిన కృత్రిమ మంచు రింక్‌ను తెరవడంతో స్కేటింగ్ కేవలం వాతావరణం దయమీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది. 1892లో నెదర్లాండ్స్‌లోని స్కెవెనింగెన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఏర్పడింది. దాని ఆధ్వర్యాన మొదటి ప్రపంచ పోటీలు 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగగా, నలుగురు మాత్రమే పాల్గొన్న ఆ పోటీలో జర్మనీకి చెందిన గిల్బర్ట్ ఫుక్స్ గెలిచాడు.

ఆ తొలి దశాబ్దాలను ఏలినవాడు స్వీడన్ స్కేటరు ఉల్రిచ్ సాల్కో. 1901 నుంచి 1905 వరకు, మళ్ళీ 1907 నుంచి 1911 వరకు మొత్తం పది ప్రపంచ బిరుదులు, 1908 లండన్ ఒలింపిక్స్ స్వర్ణం అతనివి. ఆ ఒలింపిక్స్‌లో స్కేటింగ్ పోటీలు వేసవి క్రీడల్లో భాగంగానే అక్టోబరులో కృత్రిమ మంచు మీద జరిగాయి. సాల్కో విజయాల నడుమ ఒక ఘట్టం ఈ క్రీడ స్వరూపాన్నే మార్చింది. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీల నియమావళిలో పాల్గొనేవారు పురుషులే అయి ఉండాలని ఎక్కడా రాసిలేదు. ఆ వెసులుబాటుతో ఇంగ్లండ్‌కు చెందిన మ్యాడ్జ్ సయ్యర్స్ బరిలోకి దిగి సాల్కో తరువాత రెండో స్థానం పొందింది. మరుసటి ఏడే సమాఖ్య స్త్రీల ప్రవేశాన్ని నిషేధించింది, 1906లో వారికి వేరే పోటీ పెట్టింది. పురుషుల విభాగం అన్నది అలా ఒక స్త్రీ సాధించిన విజయం ఫలితంగా ఏర్పడింది.

నేడు ఏ పోటీ చూసినా వ్యాఖ్యాతల నోట వినిపించే మూడు పేర్లు ఆ కాలపు మనుషులవే. నార్వేకు చెందిన యాక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నా పోటీలో, వేగపు పందేలకు వాడే పొడవాటి బ్లేడులతో, ముందుకు సాగుతూ ఎగిరి వెనకవైపుగా దిగే జంప్ చేసి చూపాడు. మిగిలిన ప్రధాన జంప్‌లన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి కాగా ఇదొక్కటే ముందుకు ఎగిరేది కావడం వల్ల దీనిలో అరచుట్టు అదనంగా తిరగవలసి వస్తుంది, అందుకే యాక్సెల్ అన్నిటికంటె కష్టమైనదిగా నిలిచింది. సాల్కో 1909లో ప్రవేశపెట్టిన జంప్‌లో స్కేటరు వెనక్కి జారుతూ బ్లేడు లోపలి అంచు మీద నుంచి, రెండో కాలి మొనను మంచులో గుచ్చకుండా, ఎగురుతాడు. ఆస్ట్రియా స్కేటరు అలాయిస్ లుట్జ్ 1913లో చేసిన జంప్‌లో బయటి అంచు మీద ఒక దిశగా వంపు తిరుగుతూ వచ్చి, బ్లేడు ముందున్న పళ్ళను మంచులో గుచ్చి, దానికి ఎదురు దిశలో చుట్లు తిరగాలి. మంచు పడని తెలుగునేలకు ఈ పేర్లు చక్రాల స్కేటింగ్ ద్వారా చేరాయి. రోలర్ ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ ఇవే జంప్‌లు, ఇవే పేర్లు వాడుకలో ఉన్నాయి, ఆ విభాగంలో హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు సాధించి 2015లో అర్జున పురస్కారం అందుకొన్నాడు.

గీతల పెత్తనం

జంప్‌ల పేర్లు ఎంత మిగిలినా, ఆ కాలంలో గెలుపోటములను ప్రధానంగా నిర్ణయించినవి జంప్‌లు కావు, మంచు మీద పడే గీతలు. నిర్బంధ ఆకృతులు అనదగిన ఈ భాగంలో స్కేటరు శుభ్రమైన మంచు మీద అంకె ఎనిమిదిని పోలిన వలయాలను ఒక్కో కాలితో మూడేసి సార్లు, మొదటిసారి పడిన గీత మీదనే తక్కినవీ పడేటట్లు గీయాలి. సంగీతం ఉండదు, ప్రేక్షకులు అరుదుగా ఉంటారు. పని ముగిశాక న్యాయనిర్ణేతలు మంచు మీదికి నడిచివచ్చి, వంగి, గీత ఎక్కడ పక్కకు జరిగింది, వలయం ఎక్కడ నలిగింది, అంచు మారవలసిన చోట మారిందా అని పరిశీలిస్తారు. సమాఖ్య ఆమోదించిన ఆకృతులు 41. దీర్ఘకాలం మొత్తం మార్కుల్లో 60 శాతం ఈ భాగానిది, మిగిలిన 40 శాతం సంగీతంతో సాగే ఫ్రీ స్కేటింగ్‌ది. 1908 ఒలింపిక్స్‌లో దీని మీద మోజు ఎంత దూరం పోయిందంటే, స్కేటర్లు తామే కాగితం మీద రూపొందించుకొన్న చిక్కు నమూనాలను మంచు మీద గీసే ప్రత్యేక పోటీ ఒకటి పెట్టారు; దాన్ని గెలిచిన నికొలాయ్ పానిన్ రష్యాకు మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ఆ పోటీ మళ్ళీ ఒలింపిక్స్‌లో జరగలేదు.

ఈ కొలతకు సరిగ్గా తగిన వీరుడు స్వీడన్‌కే చెందిన గిల్లిస్ గ్రాఫ్‌స్ట్రోమ్. వృత్తిరీత్యా వాస్తుశిల్పి అయిన అతడు 1920లో ఆంట్వెర్ప్‌లో, 1924లో చమోనీలో, 1928లో సెయింట్ మోరిట్జ్‌లో వరుసగా మూడు స్వర్ణాలు, 1932లో లేక్ ప్లాసిడ్‌లో రజతం గెలిచాడు. పురుషుల వ్యక్తిగత విభాగంలో మూడు స్వర్ణాల రికార్డు నేటికీ అతనిదే. ప్రపంచ పోటీలకు అతడు తరచు వెళ్ళకపోవడం వల్ల అక్కడ మూడు బిరుదులతో ఆగిపోయాడు. అతని వారసుడు ఆస్ట్రియాకు చెందిన కార్ల్ షేఫర్ 1932, 1936 ఒలింపిక్ స్వర్ణాలతోపాటు 1930 నుంచి 1936 వరకు వరుసగా ఏడు ప్రపంచ బిరుదులు గెలిచాడు. 1928లో అతడు శీతాకాల ఒలింపిక్స్‌లో స్కేటరుగా, వేసవి ఒలింపిక్స్‌లో ఈతగాడిగా పాల్గొన్నాడు. గీతలో గణితశుద్ధి, భంగిమలో నిండుదనం ఈ ఇద్దరి లక్షణాలు. అయితే వారు తమ కాలపు నియమాలను పరిపూర్ణంగా పాటించినవారే తప్ప వాటిని కదిలించినవారు కారు. అందుకే గెలుపుల్లో అంత ఎత్తున ఉన్నా నేటి అభిమానుల మాటల్లో వారి పేర్లు అరుదుగా వినిపిస్తాయి.

డిక్ బటన్ తెచ్చిన మలుపు

రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1940 నుంచి 1946 వరకు ప్రపంచ పోటీలు జరగలేదు. యుద్ధానంతరం ఐరోపా స్కేటర్లు సాధన కోల్పోయి, రింక్‌లు దెబ్బతిని ఉండగా, అమెరికా నుంచి కండబలం, సాహసం కలిసిన కొత్త శైలి వచ్చింది. దానికి ఆద్యుడు న్యూజెర్సీలో 1929లో పుట్టిన డిక్ బటన్. 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్ నాటికి అతనికి 18 ఏళ్ళు. ఆరుబయలు మంచు మీద జరిగిన ఆ పోటీలో అతడు డబుల్ యాక్సెల్, అంటే గాలిలో రెండున్నర చుట్లు, చేశాడు. అంతకుముందు పోటీలో ఎవరూ చేయని ఆ జంప్‌ను అతడు తొలిసారి సరిగా దిగింది ముందురోజు సాధనలోనే. నాలుగేళ్ళ తరువాత ఆస్లోలో, హార్వర్డ్ విద్యార్థిగా ఉండగా, పోటీ చరిత్రలో మొదటి మూడు చుట్ల జంప్ అయిన ట్రిపుల్ లూప్ చేసి రెండో స్వర్ణం గెలిచాడు. ఎగిరి గాలిలోనే శరీరాన్ని నేలకు సమాంతరంగా తిప్పుకొని స్పిన్‌లోకి దిగే ఫ్లయింగ్ క్యామెల్ కూడా అతని పేరుతోనే ప్రసిద్ధి.

బటన్ ప్రాముఖ్యం ఈ మొదటిసార్ల లెక్కలో లేదు. గీతలలో సంపాదించిన ఆధిక్యాన్ని ఫ్రీ స్కేటింగ్‌లో జాగ్రత్తగా కాపాడుకోవడం అంతవరకు విజేతల నీతి. ముందంజలో ఉన్నవాడు కూడా ఎవరూ చేయనిదాన్ని చేసి పడిపోయే ప్రమాదానికి సిద్ధపడాలన్న కొత్త నీతిని బటన్ నెలకొల్పాడు. 1948 నుంచి 1952 వరకు ఐదు ప్రపంచ బిరుదులు అతనివి కాగా, తరువాత హేస్ అలన్ జెంకిన్స్, అతని తమ్ముడు డేవిడ్ జెంకిన్స్ ఆ వరుసను 1959 వరకు కొనసాగించి, 1956, 1960 ఒలింపిక్ స్వర్ణాలు కూడా గెలిచారు. పోటీలు మానిన తరువాత బటన్ దశాబ్దాలపాటు అమెరికా టెలివిజన్‌లో వ్యాఖ్యాతగా ఉండి, బ్లేడు అంచులు, జంప్‌ల తేడాలు సామాన్య ప్రేక్షకుడికి తెలిసేటట్లు చేశాడు. 2025 జనవరిలో 95వ ఏట మరణించాడు.

ఆ అమెరికన్ ఆధిపత్యం విషాదంలో ముగిసింది. 1961 ఫిబ్రవరి 15న ప్రేగ్ ప్రపంచ పోటీలకు అమెరికా జట్టును తీసుకుపోతున్న సబేనా విమానం బ్రస్సెల్స్ వద్ద కూలి అందులోని 72 మంది చనిపోయారు. ఆ ఏటి పోటీలు రద్దయ్యాయి. మరుసటి ఏడు అదే ప్రేగ్‌లో కెనడాకు చెందిన డొనాల్డ్ జాక్సన్, గీతల భాగంలో బాగా ముందున్న స్థానిక స్కేటరు కారల్ దివిన్‌ను ఫ్రీ స్కేటింగ్‌లో దాటిపోయాడు. పోటీలో మొదటి ట్రిపుల్ లుట్జ్ చేసిన ఆ కార్యక్రమానికి న్యాయనిర్ణేతల నుంచి 6.0 అనే అత్యున్నత మార్కు ఏడుసార్లు పడింది. బటన్ నాటిన విత్తనం అలా మొలకెత్తినా, నియమావళిలోని 60 శాతం మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.

కళ పక్షం వహించినవారు

నియమావళిని కదిలించిన శక్తి చివరకు టెలివిజన్. గీతల భాగాన్ని ఎవరూ ప్రసారం చేయరు. అందువల్ల ఫ్రీ స్కేటింగ్ మాత్రమే చూసిన ప్రేక్షకుడికి అందరికంటె బాగా ఆడినవారు కాక వేరొకరు గెలవడం అర్థం కాని అన్యాయంగా తోచేది. 1972 సపోరో ఒలింపిక్స్‌లో స్త్రీల స్వర్ణం గెలిచిన బియాట్రిక్స్ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో ఉండడం ఈ వైరుధ్యానికి పరాకాష్ఠ. గీతల వాటాను 1968లోనే 50 శాతానికి తగ్గించిన సమాఖ్య, 1973లో నిర్ణీత జంప్‌లు, స్పిన్‌లతో కూడిన షార్ట్ ప్రోగ్రామ్ అనే మూడో భాగాన్ని చేర్చి ఆ వాటాను ఇంకా కుదించింది.

ఈ సంధికాలంలోనే పురుషుల స్కేటింగ్‌లో ఇద్దరు కళాకారులు ముందుకు వచ్చారు. కెనడాకు చెందిన టాలర్ క్రాన్‌స్టన్ చిత్రకారుడు కూడా. విరిగిన రేఖల వంటి భంగిమలతో, నాటకీయమైన కదలికలతో అతడు చేసిన కార్యక్రమాలు ప్రేక్షకులను ఉర్రూతలూగించినా, గీతల భాగంలోని బలహీనత అతణ్ణి ప్రతిసారీ వెనక్కి లాగింది. 1974 ప్రపంచ పోటీల్లో, 1976 ఒలింపిక్స్‌లో కాంస్యాలతోనే అతడు సరిపెట్టుకోవలసి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన జాన్ కరీ కథ దీనికి భిన్నం. నాట్యం నేర్చుకోవాలన్న కోరికను తండ్రి కాదనడంతో, క్రీడ కాబట్టి అభ్యంతరం లేదన్న స్కేటింగ్‌ను ఎంచుకొన్న కరీ, బ్యాలే సంస్కారాన్ని మంచు మీద పూర్తిగా నిలబెట్టాడు. అతడు క్రాన్‌స్టన్ వలె గీతలను నిర్లక్ష్యం చేయలేదు; జంప్‌లను, గీతలను ఓపికగా దిద్దుకొని, 1976లో ఐరోపా, ఒలింపిక్, ప్రపంచ స్వర్ణాలు మూడూ ఒకే ఏడాది గెలిచాడు. ఇన్స్‌బ్రుక్‌లో మిన్‌కుస్ స్వరపరచిన డాన్ కిహోటే బ్యాలే సంగీతానికి సాగిన అతని ఒలింపిక్ కార్యక్రమంలో ఏ జంప్ కూడా సంగీతం నుంచి విడిపోయి కనిపించదు. ఎగరడం, దిగడం కూడా ఒకే వాక్యంలోని పదాల వలె కలిసి నడిచాయి. పురుషుడు లాలిత్యంగా కదలడం అసహజమన్న భావన బలంగా ఉన్న రోజుల్లో, అతని స్వలింగ ప్రవృత్తిని పత్రికలు రచ్చకెక్కించిన వేళ, ఆ గెలుపుకు క్రీడను మించిన అర్థం వచ్చింది. తరువాత అతడు సొంత బృందం స్థాపించి, ట్వైలా థార్ప్ వంటి నాట్యకర్తలతో రచనలు చేయించుకొని, 1984లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరా రంగస్థలం మీద ప్రదర్శనలిచ్చాడు. ఎయిడ్స్ వ్యాధితో 1994లో 44వ ఏట మరణించాడు. ఒక్క ఒలింపిక్ స్వర్ణం, ఒక్క ప్రపంచ బిరుదు గల కరీ పేరు, పది బిరుదుల సాల్కో కంటె ఆప్యాయంగా వినిపించడానికి కారణం ఇదే.

గీతలు పోయాయి, నాలుగు చుట్లు వచ్చాయి

గీతల ప్రభావం చివరిసారిగా గట్టిగా కనిపించింది 1984 సరయేవో ఒలింపిక్స్‌లో. షార్ట్ ప్రోగ్రామ్, ఫ్రీ స్కేటింగ్ రెండింటిలోనూ కెనడాకు చెందిన బ్రయన్ ఓర్సర్ మొదటి స్థానంలో నిలిచాడు, ఒలింపిక్స్‌లో మొదటి ట్రిపుల్ యాక్సెల్ కూడా అతనిదే. కాని గీతల్లో ఏడో స్థానం వల్ల స్వర్ణం అమెరికాకు చెందిన స్కాట్ హామిల్టన్‌కు పోయింది. 1981 నుంచి 1984 వరకు నాలుగు ప్రపంచ బిరుదులు గెలిచిన హామిల్టన్ యోగ్యత ప్రశ్నించదగినది కాకున్నా, ఆ ఫలితం గీతల తొలగింపు వాదానికి మరింత బలమిచ్చింది. 1988లో ఓర్సర్ సొంత దేశంలోని కాల్గరీలో, ప్రారంభోత్సవంలో జాతీయ పతాకం మోసి, స్వర్ణానికి మళ్ళీ బరిలో దిగాడు. ఎదురుగా ఉన్నవాడు అమెరికాకు చెందిన బ్రయన్ బొయితానో. ఇద్దరి పేరూ ఒకటే, ఇద్దరూ ఎంచుకొన్న ఇతివృత్తమూ సైనిక జీవితమే. బొయితానో తడబాటు లేకుండా ముగించగా ఓర్సర్ ఒక జంప్‌లో తడబడ్డాడు. తొమ్మిదిమంది న్యాయనిర్ణేతల్లో ఐదుగురు బొయితానో వైపు, నలుగురు ఓర్సర్ వైపు మొగ్గారు. రెండేళ్ళ తరువాత, 1990తో, నిర్బంధ ఆకృతులు ప్రధాన అంతర్జాతీయ పోటీల నుంచి పూర్తిగా తొలగిపోయాయి.

వాటి స్థానాన్ని ఆక్రమించింది నాలుగు చుట్ల జంప్, స్కేటర్ల వాడుకలో క్వాడ్. 1988 మార్చిలో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో కెనడా స్కేటరు కర్ట్ బ్రౌనింగ్ చేసిన క్వాడ్ టో లూప్ అధికారికంగా గుర్తింపు పొందిన మొదటిది. గీతలు గీయవలసిన గంటలన్నీ జంప్‌ల సాధనకు మిగలడంతో, దశాబ్దం తిరిగేసరికి ఒలింపిక్ స్వర్ణానికి క్వాడ్ దాదాపు అవసరమైంది. ఈ దశలో రాజ్యమేలినది పూర్వ సోవియట్ శిక్షణ సంప్రదాయం. జంటల విభాగాల్లో ఎదురులేని సోవియట్ యూనియన్ తన పేరుతో పురుషుల వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం ఎన్నడూ గెలవలేకపోయింది; అది కుప్పకూలాక మాత్రం 1992లో విక్టర్ పెట్రెంకో, 1994లో అలెక్సీ ఉర్మనోవ్, 1998లో ఇలియా కులిక్, 2002లో అలెక్సీ యగుదిన్, 2006లో యెవ్‌గెనీ ప్లుషెంకో వరుసగా ఐదు స్వర్ణాలు ఎగరేసుకుపోయారు. చివరి ఇద్దరూ ఒకే గురువు అలెక్సీ మిషిన్ వద్ద పెరిగి, యగుదిన్ ఆయనను వీడి తాతియానా తరసోవాను ఆశ్రయించాక బద్ధ ప్రత్యర్థులయ్యారు. సాల్ట్ లేక్ సిటీలో యగుదిన్ సంగీతపు ప్రతి దెబ్బకూ అడుగు జోడించిన తీరు క్వాడ్ యుగంలోనూ కళకు చోటుందని చాటగా, ప్లుషెంకో 2002 రజతం, 2006 స్వర్ణం, 2010 రజతం, 2014 జట్టు స్వర్ణంతో నాలుగు ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచి దీర్ఘాయువుకు నిదర్శనమయ్యాడు.

కొత్త లెక్క, కొత్త వీరులు

2002లో జంటల పోటీలో న్యాయనిర్ణయం మీద చెలరేగిన వివాదం పాత 6.0 పద్ధతిని బలితీసుకొన్నది. ఆ పద్ధతిలో న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది స్కేటర్లను వరుసలో నిలపడానికే. 2004లో అమలులోకి వచ్చిన కొత్త పద్ధతిలో ప్రతి జంప్‌కు, స్పిన్‌కు, అడుగుల వరుసకు ముందే నిర్ణయించిన మూలవిలువ ఉంటుంది, చేసిన తీరును బట్టి దానికి కొంత చేరుతుంది లేదా తగ్గుతుంది, సంగీతస్పృహ, కూర్పు వంటి గుణాలకు వేరే మార్కులుంటాయి. ఈ లెక్క తొలి పెద్ద వివాదం 2010 వాంకూవర్‌లో వచ్చింది. ప్లుషెంకో క్వాడ్ చేశాడు, అమెరికాకు చెందిన ఇవాన్ లైసాచెక్ చేయలేదు. అయినా జంప్‌లను కార్యక్రమం రెండో సగంలోకి తెలివిగా పంచుకొని, ప్రతి అంశంలో కాస్త కాస్త కూడబెట్టి, లైసాచెక్ 1.31 పాయింట్ల తేడాతో గెలిచాడు. క్వాడ్ లేని ఛాంపియన్ ఏమి ఛాంపియన్ అన్న ప్లుషెంకో పక్షపు వాదానికి సమాఖ్య క్వాడ్‌ల విలువ పెంచి జవాబు చెప్పింది. క్వాడ్‌ల వెల్లువకు అదే తూము తీసింది.

ఆ వెల్లువలో నిలిచి, దాన్ని కళతో కలిపినవాడు జపాన్‌కు చెందిన యుజురు హన్యూ. 2010లో దైసుకే తకహాషి ఒలింపిక్ కాంస్యం, ప్రపంచ స్వర్ణం గెలిచి జపాన్ పురుషులకు దారి వేసి ఉండగా, 1994లో సెండాయ్‌లో పుట్టిన హన్యూ ఆ దారిని రాజమార్గం చేశాడు. 2011 మార్చి 11 భూకంపం వచ్చినప్పుడు అతడు సొంత ఊరి రింక్‌లో సాధన చేస్తున్నాడు. ఆ రింక్ మూతపడగా దేశమంతటా ఐస్ షోలలో పాల్గొంటూ సాధన సాగించి, 2012లో టొరంటో చేరి శిక్షకుడిగా ఎంచుకొన్నది ఒకప్పటి ఓర్సర్‌నే. రెండుసార్లు రజతంతో ఆగిపోయిన ఓర్సర్ శిష్యుడు 2014 సోచిలో, పురుషుల విభాగంలో ఆసియాకు మొదటి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2015లో ఎన్‌హెచ్‌కె ట్రోఫీలో 322.40 పాయింట్లు సాధించి 300 దాటిన మొదటి పురుషుడైన హన్యూ, రెండు వారాలకే బార్సిలోనాలో దాన్ని 330.43కు పెంచాడు. ఆ ఏటి ఫ్రీ కార్యక్రమం హెయాన్ కాలపు జ్యోతిష్కుడు అబే నో సెయ్‌మెయ్ పాత్రను మంచు మీద నిలబెట్టింది; ఐరోపా బ్యాలే, ఒపేరా సంగీతాలే ప్రమాణంగా సాగిన రంగంలో జపాన్ సంగీతం, సంప్రదాయ భంగిమలు అత్యున్నత మార్కులు పొందడం అదొక మలుపు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో, కొద్ది నెలల ముందు చీలమండ దెబ్బతిన్నా, అదే కార్యక్రమంతో గెలిచి, బటన్ తరువాత 66 ఏళ్ళకు వరుసగా రెండు స్వర్ణాలు గెలిచిన పురుషుడయ్యాడు. 2022 బీజింగ్‌లో మూడో స్వర్ణం కంటె, అంతవరకు ఎవరూ దిగని క్వాడ్ యాక్సెల్‌కే ప్రాధాన్యమిచ్చి, పడి, నాలుగో స్థానంలో నిలిచాడు. అదే ఏడు జులైలో పోటీల నుంచి విరమించాడు.

బీజింగ్ స్వర్ణం గెలిచిన అమెరికన్ నేథన్ చెన్ క్వాడ్ యుగానికి సంపూర్ణ ప్రతినిధి. 2018లో షార్ట్ ప్రోగ్రామ్ తరువాత 17వ స్థానానికి దిగజారి, ఫ్రీ భాగంలో ఆరు క్వాడ్‌లకు పూనుకొని ఆ భాగంలో మొదటివాడిగా, మొత్తం మీద ఐదోవాడిగా నిలిచిన అతడు, నాలుగేళ్ళ తరువాత షార్ట్ ప్రోగ్రామ్‌లో 113.97 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి పాత లెక్క తీర్చుకొన్నాడు. హన్యూ వెంటాడిన క్వాడ్ యాక్సెల్‌ను 2022 సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో, 17 ఏళ్ళ వయసులో, అమెరికాకు చెందిన ఇలియా మలినిన్ దిగి చూపాడు. నాలుగున్నర చుట్ల ఆ జంప్‌తో యాక్సెల్ పాల్సెన్ మొదలుపెట్టిన వరుస 140 ఏళ్ళకు మూడు చుట్లు పెరిగినట్టయింది.

ఈ చరిత్ర నుంచి తేలే తీర్పు ఒకటుంది. గ్రాఫ్‌స్ట్రోమ్ మూడు స్వర్ణాలను చెన్ పాయింట్లతో పోల్చడం అర్థం లేని పని, ఎందుకంటే ఇద్దరినీ తూచిన త్రాసులు వేరు. ఏ స్కేటరు గొప్పదనాన్నైనా నిర్ణయించే ముందు అతని కాలపు నియమావళి దేనికి ఎంత విలువ కట్టిందో తెలుసుకోవాలి. ఆ విలువకు లోబడి గెలిచినవారు ఎందరో ఉన్నా, గెలుస్తూనే దాన్ని దాటి కొత్త విలువను నెలకొల్పినవారు కొద్దిమందే. పోటీలే లేని రోజుల్లో హెయిన్స్ వేసిన పునాది మీద, సాహసాన్ని బటన్, లాలిత్యాన్ని కరీ విజేత లక్షణాలుగా నిలబెట్టగా, పాయింట్ల పద్ధతి ఆ రెంటినీ విడదీస్తున్న కాలంలో వాటిని ఒకే కార్యక్రమంలో మళ్ళీ కలిపినవాడు హన్యూ. పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో అగ్రపీఠం ఎవరిదన్న ప్రశ్నకు నేటివరకు ఉన్న ఆధారాలతో చెప్పగల జవాబు కూడా అతని పేరే.